జల్లెడ ఎవరి చేతిలో ఉంది?

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిన ప్రతిసారీ మన పత్రికల్లో ఒక వాక్యం తప్పక కనిపిస్తుంది. ఫలానా రేవులో మూడో నంబరు, మరో రేవులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారన్నదే ఆ వాక్యం. కోస్తా ప్రజలకు ఈ అంకెల భాష కొత్తది కాదు. ఒకటి అంటే దూరాన ఎక్కడో సముద్రంలో అల్పపీడనం బలపడిందని, పది అంటే మహా ప్రమాదం ముంచుకువచ్చిందని రేవుల్లోని జాలరులకు సైతం తెలుసు. ఆ వరుసలో చివరిదైన పదకొండో నంబరు గురించి తెలిసినవారు మాత్రం తక్కువ. వాతావరణ కేంద్రంతో సమాచార సంబంధాలు తెగిపోయాయని, పరిస్థితి విషమించే ప్రమాదం ఉన్నదని స్థానిక అధికారి భావిస్తున్నారని ఆ సూచికకు అర్థం. కబురు రాకపోవడం కూడా ఒక కబురేనని ఆ పద్ధతిని రూపొందించినవారు ఏనాడో గుర్తించారు.

పదకొండు సూచికలతో తీరాన్ని అప్రమత్తం చేయవచ్చునన్న ఆ వివేకం నేటి కంప్యూటర్ నెట్‌వర్కుల నిర్వహణలో అంతగా కనిపించడం లేదు. బ్యాంకులు, ఆసుపత్రులు, రైల్వేలు, విద్యుత్ సంస్థలు, చివరకు గ్రామ పంచాయతీ కార్యాలయాలు సైతం నేడు నెట్‌వర్కుల మీద ఆధారపడి నడుస్తున్నాయి. ఆ నెట్‌వర్కుల్లోని ప్రతి పరికరమూ తన క్షేమసమాచారాన్ని ఎప్పటికప్పుడు కేంద్రానికి తెలియజేస్తూ ఉంటుంది. పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ ఆ సందేశాలను హెచ్చరికలుగా మార్చి ఉద్యోగుల తెరల మీద పేర్చుతుంది. వాటిలో అత్యధిక భాగం ఎవరికీ అక్కరలేనివే కావడంతో అక్కరలేని వాటిని వడపోసే నిబంధనలు రాసుకోవడం ఈ రంగంలో పరిపాటిగా మారింది.

వడపోత తప్పదనడంలో వివాదం లేదు. అయితే ఏ హెచ్చరికను ఆపాలి, ఎంతకాలం ఆపాలి, ఎవరు ఆపాలి అన్న విషయాన్ని సాంకేతిక సిబ్బంది సౌకర్యానికి సంబంధించిన చిన్న అంశంగా పరిగణించడం మాత్రం సమర్థనీయం కాదు. ప్రజాధనంతో నిర్మించిన, ప్రజల నిత్యావసరాలతో ముడిపడిన వ్యవస్థల్లో అది జవాబుదారీతనానికి సంబంధించిన ప్రశ్న. దేశంలో నెట్‌వర్కుల మీద వేల కోట్ల రూపాయలు వెచ్చిస్తున్న ఈ తరుణంలో ఆ ప్రశ్నను బాహాటంగా చర్చించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

సందేశాల వెల్లువ

ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో ముందుగా పరిశీలించడం అవసరం. నెట్‌వర్కు పరికరాలను దూరం నుంచి కనిపెట్టి ఉండటానికి విస్తృతంగా వాడుకలో ఉన్న పద్ధతి ఎస్‌ఎన్‌ఎంపీ. 1988లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో పరికరం తనంత తానుగా పంపే సందేశాన్ని ట్రాప్ అంటారు. పరికరం తిరిగి మొదలైందని, ఒక తీగ సంబంధం తెగిందని, మళ్లీ కలిసిందని, ఎవరో తప్పుడు గుర్తింపుతో ప్రవేశించజూశారని తెలిపే కొద్దిపాటి మౌలిక సందేశాలతో అది ఆరంభమైంది. తరువాత ప్రతి తయారీ సంస్థా తన సొంత సందేశాలను వందల సంఖ్యలో చేర్చుతూ పోయింది. దీనికి తోడు సిస్‌లాగ్ అనే మరో పద్ధతి ఉంది. అందులో సందేశాల తీవ్రతను సున్నా నుంచి ఏడు వరకు ఎనిమిది తరగతులుగా విభజించారు. సున్నా అంటే వ్యవస్థ కుప్పకూలిందని, ఏడు అంటే కేవలం నిపుణుల పరిశీలన కోసమని అర్థం. ఒక సందేశానికి ఏ తరగతి కేటాయించాలన్నది మాత్రం తయారీదారు ఇష్టానికే మిగిలింది. ఒకరు అత్యవసరమని భావించినది మరొకరికి సాధారణ విషయం. రేవులన్నిటా ఒకే అర్థమిచ్చే మూడో నంబరు వంటి సమానత్వం ఇక్కడ లేదు.

సాధారణ కార్యాలయాన్నే ఉదాహరణగా తీసుకుందాం. సాయంత్రం ఆరు గంటలకు సిబ్బంది కంప్యూటర్లు ఆపి ఇళ్లకు వెళతారు. ఆపిన ప్రతి కంప్యూటరుకూ ఒక సంబంధం తెగినట్లు నెట్‌వర్కు పరికరం కేంద్రానికి కబురు పంపుతుంది. వందమంది ఉద్యోగులుంటే వంద కబుర్లు. మరునాడు ఉదయం సంబంధం కలిసిందంటూ మరో వంద. ముద్రణ యంత్రంలో కాగితం అయిపోయినా, గదిలో ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినా సందేశమే. వీటి నడుమ అసలైన ప్రధాన యంత్రం తెగిపోయిన సంగతి తెలిపే ఒకే ఒక్క పంక్తి తెర మీద కిందికి జారిపోతుంది. ‘నాన్నా పులి’ కథలో పిల్లవాడు కావాలని అబద్ధమాడాడు. ఇక్కడ యంత్రం చెప్పినవన్నీ నిజాలే. అయినా వినేవారి మీద పడే ప్రభావంలో తేడా లేదు.

ఇది కేవలం ఊహ కాదని ఇతర రంగాల అనుభవం రుజువు చేస్తున్నది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం ఆరంభమైన కొద్ది నిమిషాల్లోనే నియంత్రణ గదిలో వందకు పైగా అలారాలు ఒక్కసారిగా మోగాయి. ముఖ్యమైనదేదో, కానిదేదో తేల్చే ఏర్పాటు అక్కడ లేదు. 1994 జూలై 24న బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ వద్ద చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడు సంభవించడానికి ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు వచ్చి పడ్డాయి. ఒక్కొక్క అలారాన్ని చదివి, అర్థం చేసుకొని, తగిన చర్య తీసుకోవడానికి సగటున మూడు సెకండ్ల వ్యవధి కూడా వారికి దక్కలేదు.

ఇటువంటి అనుభవాల తరువాత బ్రిటన్‌లోని ఇంజినీరింగ్ పరికరాల వినియోగదారుల సంఘం 1999లో అలారాల నిర్వహణపై ఒక మార్గదర్శిని వెలువరించింది. మామూలు రోజుల్లో ఒక ఆపరేటరుకు సగటున పది నిమిషాలకు ఒక అలారం మించకుండా ఉంటేనే ఆమోదయోగ్యమని, పెద్ద ఒడుదుడుకు తలెత్తినప్పుడు సైతం తొలి పది నిమిషాల్లో పదికి లోబడి ఉంటే మనిషి తట్టుకోగలడని అది పేర్కొన్నది. యంత్రం ఎన్ని సందేశాలు పంపగలదన్నదాన్ని కాక మనిషి ఎన్నింటిని గ్రహించగలడన్నదాన్ని కొలబద్దగా స్వీకరించడం ఈ మార్గదర్శిని విశిష్టత. నెట్‌వర్కు పర్యవేక్షణ కేంద్రాలకు ఇంతవరకు అటువంటి కొలబద్ద విధిగా అమలు కావడం లేదన్నది గమనార్హం.

వైద్యరంగంలో ఫలితాలు మరింత విషాదకరం. రోగుల పడకల పక్కన మోగే యంత్రాల హెచ్చరికల్లో 85 నుంచి 99 శాతం వరకు వైద్య జోక్యం అవసరం లేనివేనని అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లో వెల్లడించింది. 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు అలారాలకు సంబంధించి తన దృష్టికి వచ్చిన 98 ఘటనల్లో 80 మరణాలకు దారితీశాయని కూడా తెలిపింది. ఆ ఆసుపత్రుల్లో హెచ్చరికలకు కొదవ లేదు. మోగీ మోగీ అవి సిబ్బంది చెవులకు సోకకుండా పోయాయి.

వడపోతలో వివేకం

అందువల్ల వడపోత ఒక విలాసం కాదు. దానికి శాస్త్రీయ పద్ధతులు ఉన్నాయి. ఒకే పరికరం ఒకే ఫిర్యాదును వందసార్లు పంపితే వాటిని ఒకే పంక్తిగా కలిపి, ఎన్నిసార్లు వచ్చిందో పక్కన చూపడం మొదటిది. మండల కేంద్రంలోని ప్రధాన యంత్రం ఆగిపోయినప్పుడు దాని కింద ఉన్న పాతిక గ్రామాల పరికరాలు కూడా అందుబాటులో లేవని పాతిక హెచ్చరికలు ఇవ్వడానికి బదులు అసలు కారణమైన ఒక్కదానినే చూపడం రెండవది. ఒక సంబంధం క్షణానికొకసారి తెగుతూ, కలుస్తూ ఉంటే కొంత వ్యవధి వేచి చూసి, అది స్థిరపడని పక్షంలో ఒకే హెచ్చరిక ఇవ్వడం మూడవది. ముందుగా ప్రకటించిన మరమ్మతు సమయంలో ఆ పరికరం సందేశాలను పక్కన పెట్టడం నాలుగవది. యంత్రంపై భారం 90 శాతం దాటినప్పుడు మోగి, 80 శాతం కిందికి దిగినప్పుడే ఆగేలా రెండు పరిమితులు నిర్ణయించడం ఐదవది. లేనిపక్షంలో 89, 91 మధ్య ఊగిసలాడే యంత్రం రోజంతా గంట వాయిస్తూనే ఉంటుంది.

మంచి వడపోతకు పరికరాన్ని గురించిన జ్ఞానం ఆధారం. మన గ్రామాలకు సంబంధించిన ఉదాహరణతో దీన్ని వివరించవచ్చు. 2011లో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్కుగా ప్రారంభమై, తరువాత భారత్‌నెట్‌గా పేరు మార్చుకున్న పథకం కింద దేశంలోని గ్రామ పంచాయతీలకు ఫైబర్ తీగలు వేశారు. పంచాయతీ కార్యాలయంలో ఉండే చిన్న పరికరం రెండు కారణాల వల్ల మౌనం వహించవచ్చు. ఊళ్లో కరెంటు పోయి ఉండవచ్చు, లేదా రోడ్డు పని చేస్తున్న పొక్లెయిన్ తీగను తెంపి ఉండవచ్చు. మొదటిదైతే కరెంటు రాగానే దానంతటదే సర్దుకుంటుంది. రెండవదైతే మనిషి వెళ్లి తీగను అతికే వరకు ఊరు చీకటిలోనే ఉంటుంది.

ఈ రెండింటినీ వేరు చేసే ఏర్పాటు ఆ సాంకేతిక పద్ధతిలోనే ఉంది. కరెంటు పోయినప్పుడు లోపల మిగిలిన కాస్త విద్యుత్తుతో ఆ పరికరం చివరిసారిగా ఒక సంకేతం పంపి ఆగిపోతుంది. ఇంజినీర్లు దీన్ని ‘డైయింగ్ గ్యాస్ప్’ అంటారు, అంటే తుది శ్వాస. తీగ తెగినప్పుడు ఆ సంకేతం రాదు. తుది శ్వాస వినిపించి మౌనం వహించిన పరికరాన్ని కొంతసేపు పక్కన పెట్టవచ్చు. అది లేకుండా మాయమైన పరికరం కోసం తక్షణం మనిషిని పంపాలి. ఇంత చిన్న విచక్షణ నిబంధనలో రాసుకుంటే పర్యవేక్షణ కేంద్రం మీద భారం గణనీయంగా తగ్గుతుంది. అది రాసుకునే ఓపిక లేక ‘గ్రామ పరికరాల హెచ్చరికలన్నీ ఆపివేయండి’ అని ఒక్క మాటతో తేల్చడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

నోరు నొక్కిన గంటలు

వడపోత హద్దు మీరితే ఏమవుతుందో మన దేశానికి మరొకరు చెప్పనవసరం లేదు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటిన తరువాత భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు వెలువడినప్పుడు ప్రజల కోసం ఉద్దేశించిన సైరన్ కొద్దిసేపు మోగి ఆగిపోయింది. చిన్న చిన్న లీకులకు చుట్టుపక్కల జనం కంగారు పడరాదన్న తలంపుతో ఆ సైరన్‌ను కర్మాగారం లోపలి అలారం నుంచి అంతకు ముందే విడదీశారు. లోపల మోగుతున్నా బయట ఆపగలిగే వీలు అలా కలిగింది. ఆనాడు దానికి చెప్పిన కారణం సహేతుకంగానే తోచి ఉండవచ్చు. ప్రజలను అనవసరపు కలవరం నుంచి కాపాడేందుకు చేసిన ఏర్పాటు, అవసరమైన రాత్రి వారిని నిద్రలోనే ఉంచింది.

కంప్యూటర్ రంగంలోనూ ఇటువంటి ఉదంతం ఒకటి ఉంది. దానితో మన దేశానికి ప్రత్యక్ష సంబంధం కూడా ఉంది. 2013 నవంబరు చివర అమెరికాకు చెందిన టార్గెట్ అనే చిల్లర వర్తక సంస్థ కంప్యూటర్లలో దొంగలు చొరబడ్డారు. ఆ సంస్థ అమర్చుకున్న రక్షణ సాఫ్ట్‌వేర్ చొరబాటును పసిగట్టి హెచ్చరించింది. బెంగుళూరులో రేయింబవళ్లు కాపలా కాస్తున్న భారతీయ నిపుణుల బృందం ఆ హెచ్చరికను గుర్తించి మినియాపొలిస్‌లోని ప్రధాన కార్యాలయానికి తెలియజేసింది. నిత్యం వచ్చే అనేక హెచ్చరికల్లో ఒకటిగా భావించి అక్కడివారు తక్షణ చర్య అవసరం లేదని నిర్ణయించారు. ఫలితంగా సుమారు 4 కోట్ల క్రెడిట్, డెబిట్ కార్డుల వివరాలు దొంగల పాలయ్యాయి. యంత్రం చెప్పింది, మనిషి విన్నాడు, పైవారికి చేరవేశాడు. అయినా ప్రయోజనం శూన్యమైంది. వడపోత సాఫ్ట్‌వేర్‌లోనే కాదు, కార్యాలయాల మెట్ల మీద కూడా జరుగుతుందని ఈ ఉదంతం చాటుతున్నది.

ఇక మూడో ప్రమాదం పదకొండో నంబరు సూచిక గుర్తు చేసేది. 2003 ఆగస్టు 14న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఫస్ట్ ఎనర్జీ అనే విద్యుత్ సంస్థ నియంత్రణ గదిలో అలారం సాఫ్ట్‌వేర్ మధ్యాహ్నం రెండు గంటలు దాటిన కాసేపటికి స్తంభించిపోయింది. అది స్తంభించిన సంగతి తెలిపే ఏర్పాటు లేదు. తెర ప్రశాంతంగా ఉండటంతో వ్యవస్థ సవ్యంగా ఉన్నదని ఆపరేటర్లు నమ్మారు. ఆ గంటన్నర వ్యవధిలో బయట ఒకదాని తరువాత ఒకటిగా లైన్లు తెగిపోయాయి. సాయంత్రానికి అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మంది చీకటిలో మునిగారు. ఎస్‌ఎన్‌ఎంపీ తొలి రూపంలోని ట్రాప్ సందేశాలు కూడా చేరినట్లు రసీదు లేకుండా పంపేవే. దారిలో పోయినా పంపిన పరికరానికి తెలియదు, అందవలసిన కేంద్రానికీ తెలియదు. కనుక మౌనాన్ని క్షేమంగా భావించే ఏ పర్యవేక్షణ వ్యవస్థ అయినా పునాది లేని కట్టడమే.

మన అనుభవం

మన దేశంలో 2012 జూలై 30, 31 తేదీలలో సంభవించిన విద్యుత్ సంక్షోభం మరో కోణాన్ని తెలియజేస్తుంది. మొదటి రోజు ఉత్తరాది గ్రిడ్, రెండో రోజు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కుప్పకూలాయి. అరవై కోట్లకు పైబడిన జనాభా నివసించే ప్రాంతం దీని బారిన పడింది. దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగిలిన దేశంతో పూర్తిగా అనుసంధానం కాకపోవడం వల్ల మనం తప్పించుకున్నాము. బీనా–గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను తెగిపోవడంతో ఇది ఆరంభమైంది. ఆ లైనులో నిజానికి ఏ లోపమూ లేదు. దానిమీద పెరిగిన భారాన్ని రక్షణ పరికరం లోపంగా పొరబడి లైనును విడదీసింది. అధికంగా విద్యుత్తు తీసుకుంటున్న రాష్ట్రాలకు ప్రాంతీయ కేంద్రాలు ఇచ్చిన ఆదేశాలకు తగిన స్పందన రాలేదని విచారణ సంఘం ఎత్తిచూపింది. ఒకవైపు యంత్రం లేని ప్రమాదాన్ని ఉన్నదనుకున్నది. మరోవైపు యంత్రాంగం ఉన్న ప్రమాదాన్ని రోజూ ఉండేదే అనుకున్నది.

2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లు దాడికి గురై, రోగుల నమోదు నుంచి పరీక్షల ఫలితాల దాకా రోజుల తరబడి కాగితాల మీదనే సాగిన సంగతి పాఠకులకు విదితమే. ఐదు సర్వర్లు దెబ్బతిన్నాయని, నెట్‌వర్కును సక్రమంగా విభజించుకోకపోవడం ఇందుకు కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఇటువంటి దాడులను దృష్టిలో ఉంచుకొని కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ కంప్యూటర్ల చిట్టాలను 180 రోజులపాటు భద్రపరచాలి. చొరబాటు గమనించిన ఆరు గంటల్లోగా తెలియజేయాలి.

ఈ ఆదేశాలు స్వాగతించదగినవే. అయితే అవి ‘గమనించిన’ తరువాతి ఆరు గంటల గురించి మాట్లాడుతున్నాయి. గమనించడం ఎలా జరగాలన్న అసలు ప్రశ్న అలాగే మిగిలింది. చిట్టాలన్నీ దాచినంత మాత్రాన వాటిని ఎవరో చదివినట్లు కాదు. హెచ్చరికను ముందే నిబంధన రాసి ఆపివేసిన సంస్థ దాన్ని ఎన్నటికీ గమనించదు. గమనించనిదానికి గడువూ మొదలు కాదు.

జల్లెడలో డబ్బు

ఇంతవరకు చెప్పుకున్నది అలసట, ఏమరుపాటుల వల్ల కలిగే ముప్పు. దీనికి మించినది మరొకటి ఉంది. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ కార్యక్రమం అంచనా వ్యయం 1,39,579 కోట్ల రూపాయలు. 2.64 లక్షల గ్రామ పంచాయతీలకు వలయాకారంలో ఫైబర్ తీగలు వేసి, పదేళ్లపాటు నిర్వహించడం, విద్యుత్తుకు ప్రత్యామ్నాయం కల్పించడం, తీగలను దూరం నుంచి కనిపెట్టి ఉండటం ఇందులో భాగాలు. వలయాకారం వల్ల ఒకవైపు తెగినా మరోవైపు నుంచి సేవ కొనసాగుతుంది. పథకం ఉద్దేశం శ్లాఘనీయం.

అయితే ఇటువంటి దీర్ఘకాల నిర్వహణ ఒప్పందాలలో ఎంతసేపు సేవ అందిందన్న లెక్క మీద చెల్లింపులు, జరిమానాలు ఆధారపడి ఉండటం ఆనవాయితీ. ఆ లెక్క వచ్చేది పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ నుంచి. పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ ఏది అంతరాయంగా చూపాలి, ఏది చూపనక్కరలేదు అని నిర్ణయించేది వడపోత నిబంధన. ఐదు నిమిషాల లోపు అంతరాయాలను లెక్కించనక్కరలేదని ఒక నిబంధన రాస్తే, గంటకు పదిసార్లు నాలుగేసి నిమిషాలు తెగే లైను కాగితం మీద నూటికి నూరుపాళ్లు పనిచేసినట్లే. వాస్తవానికి ఆ ఊరి ప్రజలకు గంటలో నలభై నిమిషాలు సేవ లేదు. మరమ్మతు సమయం అని ముందుగా రాసుకుంటే అంతరాయం అంతరాయమే కాకుండా పోతుంది. కరెంటు పోవడం వల్ల అని వర్గీకరిస్తే బాధ్యత మరొకరి మీదికి బదిలీ అవుతుంది.

ఎవరో దురుద్దేశంతో వ్యవహరిస్తున్నారని ఆరోపించడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఇంజినీరుకు నిద్రాభంగం తప్పించే జల్లెడే గుత్తేదారుకు జరిమానా కూడా తప్పించగలదన్నది ఈ వ్యవస్థ నిర్మాణంలోనే ఉన్న చిక్కు. పరీక్ష రాసే విద్యార్థే తన ప్రశ్నపత్రాన్ని కూడా దిద్దుకుంటే మార్కులకు విలువ ఉండదు. నిర్వహించే సంస్థే హెచ్చరికలను వడపోసి, మిగిలిన వాటితో తన పనితీరును తానే లెక్కగట్టుకుంటే ఆ లెక్కకు కూడా విలువ ఉండదు. పంచాయతీ కార్యాలయంలో ధ్రువపత్రం కోసం వచ్చి ‘నెట్ లేదు, రేపు రండి’ అన్న మాట విని కూలి పోగొట్టుకొని వెళ్లిన మనిషి ఆ లెక్కలో ఎక్కడా కనిపించడు.

రెండు వాదాలు

ఇందుకు రెండు అభ్యంతరాలు రావచ్చు. వడపోత రోజుకు పదిసార్లు మారే సాంకేతిక విషయమని, ప్రతి నిబంధనకూ పైఅధికారి సంతకం కావాలంటే పని సాగదని నిర్వాహకులు అనవచ్చు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఇక్కడ అడుగుతున్నది అనుమతి కాదు, నమోదు. ఆసుపత్రిలో నర్సు ప్రతి మందుకూ పెద్ద డాక్టరును నిద్రలేపదు. కాని ఇచ్చిన ప్రతి మందూ రోగి పట్టికలో రాస్తుంది. దానివల్ల వైద్యం ఆగలేదు, మెరుగుపడింది.

రెండో అభ్యంతరం సాఫ్ట్‌వేర్ విక్రేతల నుంచి వస్తున్నది. కృత్రిమ మేధ ఇక ఈ పనంతా తానే చూసుకుంటుందని, లక్ష హెచ్చరికల నుంచి ముఖ్యమైన పదింటిని ఏరి ఇస్తుందని వారు చెబుతున్నారు. ఒకేచోట పుట్టిన హెచ్చరికలను గుదిగుచ్చడంలో అటువంటి సాధనాలు తోడ్పడతాయనడంలో సందేహం లేదు. కాని గతంలో సిబ్బంది వేటిని పట్టించుకోలేదో చూసి నేర్చుకునే యంత్రం ఆ నిర్లక్ష్యాన్నే పాఠంగా స్వీకరించే ప్రమాదం ఉంది. పెను ప్రమాదాలు అరుదుగా సంభవిస్తాయి. అరుదైనదాన్ని గురించి గతానుభవం చెప్పేది స్వల్పం. పైగా ఫలానా హెచ్చరికను ఎందుకు ఆపావని అడిగితే మనిషి సమాధానం చెప్పవలసి ఉంటుంది. యంత్రాన్ని ఎవరూ సంజాయిషీ కోరలేరు.

చేయవలసినవి

ప్రజాధనంతో నడిచే నెట్‌వర్కులకు కొన్ని కనీస నియమాలను ఒప్పందాల్లోనే చేర్చడం అభిలషణీయం. మొదటిది, హెచ్చరికను గంటగా మోగకుండా ఆపవచ్చు కాని చిట్టా నుంచి తొలగించరాదు. పరికరం వద్దనే సందేశాన్ని నొక్కివేయడం వేరు, వచ్చినదాన్ని భద్రపరచి తెర మీద చూపకుండా ఉంచడం వేరు. మొదటి దానిలో ఆధారమే మిగలదు. సెర్ట్-ఇన్ విధించిన 180 రోజుల నియమం స్ఫూర్తి కూడా ఇదే.

రెండవది, ప్రతి వడపోత నిబంధనకూ రాసినవారి హోదా, కారణం, గడువు తేదీ ఉండాలి. గడువు తీరగానే నిబంధన దానంతటదే రద్దు కావాలి. ఒక రాత్రి మరమ్మతు కోసం ఆపిన హెచ్చరిక రాసినవాడు బదిలీ అయిన తరువాత కూడా ఏళ్ల తరబడి ఆగిపోయి ఉండే దుస్థితికి ఇదొక్కటే విరుగుడు. మూడవది, జరిమానాలకు, చెల్లింపులకు ఆధారమయ్యే లెక్క వడపోయని అసలు చిట్టా నుంచి రావాలి. ఆ చిట్టా ప్రతి ఒకటి నిర్వహణ సంస్థ చేతిలో లేని మరో చోట ఉండాలి. నాలుగవది, పర్యవేక్షణ వ్యవస్థ తాను బతికే ఉన్నానని నియమిత వ్యవధిలో చాటుతుండాలి. ఆ చాటింపు ఆగిన క్షణమే పెద్ద గంట మోగాలి.

ఐదవది, ఆపరేటరుకు గంటకు ఎన్ని హెచ్చరికలు వస్తున్నాయన్నది కూడా ఒక ప్రమాణంగా లెక్కించాలి. హైదరాబాద్, బెంగుళూరు, చెన్నై నగరాల్లో రాత్రింబవళ్లు ఈ తెరల ముందు కూర్చుంటున్నవారిలో అధికశాతం యువతీయువకులు. వారి ముందు వేల పంక్తులు కుమ్మరించి, జారిపోయిన ఒక్కదానికి సంజాయిషీ కోరడం న్యాయం కాదు. కాపలాదారు మేలుకొని ఉండాలని ఆశించే యజమాని అతడు మేలుకొని ఉండగలిగే పరిస్థితులు కల్పించాలి.

ఆరవది, ప్రతి గ్రామ పంచాయతీకి గడచిన నెలలో ఎన్ని గంటలు సేవ అందలేదో, అందుకు కారణమేమిటో స్థానిక భాషలో కార్యాలయం గోడ మీద ప్రకటించాలి. యంత్రం చెప్పిన లెక్క సరైనదో కాదో ఆ ఊరి ప్రజలకు తెలిసినంతగా ఢిల్లీకి తెలియదు. నిన్న సాయంత్రం తమ ఊళ్లో నెట్ లేదని తెలిసినవారు గోడ మీద ‘అంతరాయం లేదు’ అన్న మాట చూస్తే అడుగుతారు. ఏ సాఫ్ట్‌వేర్‌కూ సాధ్యం కాని తనిఖీ అది.

ఈ ఆరింటిలో ఏదీ అధిక వ్యయంతో కూడుకున్నది కాదు. నేడు మార్కెట్లో ఉన్న పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్లలో అధికభాగం వీటికి వీలు కల్పిస్తూనే ఉన్నాయి. కొరవడినది ఒప్పందాలు రాసేటప్పుడు ఈ ప్రశ్నలు అడగాలన్న సంకల్పం. పదేళ్లపాటు కొనసాగే నిర్వహణ ఒప్పందాల్లో ఆరంభంలో చేర్చని నియమాన్ని మధ్యలో చేర్చడం ఎంత కష్టమో మన పరిపాలనా యంత్రాంగానికి తెలియనిది కాదు. కనుక కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఇప్పటికైనా మేల్కొని, గ్రామాల నెట్‌వర్కులకు సంబంధించిన వడపోత నిబంధనలను బహిరంగ పత్రాలుగా ప్రకటించాలి. ఏ హెచ్చరికలను వినకూడదని తమ తరఫున నిర్ణయించారో తెలుసుకునే హక్కు పన్ను చెల్లించే ప్రజలకు ఉంది.